పేరు లేని బటన్

బాజీ నా పక్క కుర్చీలో కూర్చుని
ఫోను చెవికి ఆనించుకున్నాడు.
"బటన్" అంది ఫోను.
వేలు జరిపాడు. "బటన్."
ఇంకొంచెం జరిపాడు. "బటన్."
"ఏం బటనండీ ఇది, చొక్కాదా?" అన్నాడు.

అరండల్‌పేటలో జిరాక్స్ షాపు మీద ఒంటి గది మాది.
మిర్చి యార్డుకి టోకెన్లిచ్చే పేజీ
ఆరు నెలలు కూర్చుని కట్టాను.
పండుమిరప రంగు తెర,
దాని మీద లేత గులాబీ అక్షరాలు, సన్నగా, నాజూగ్గా.
చూసినవాళ్ళందరూ బావుందన్నారు.
చూసినవాళ్ళు.

బాజీ యార్డులో ఫోన్లెత్తుతాడు.
తేజ ఎంత, బాడిగ ఎంత, తాలు ఎంత,
అడిగిన గొంతుని బట్టే
వినుకొండ మనిషో మాచర్ల మనిషో చెప్పేస్తాడు.
అలాంటివాడికి
నా పేజీలో గుమ్మం దొరకలేదు.

దాచడమెందుకు, విసుక్కున్నాను.
మా సాంబిరెడ్డి గారైతే లెక్కే వేశారు:
"ఇన్ని వేల బస్తాలొచ్చే చోట
చూపు లేనివాళ్ళు ఎందరొస్తారయ్యా?"
నా దగ్గర జవాబు లేదు.
బాజీ మాత్రం ఎదురుగా ఉన్నాడు,
టీ గ్లాసు అంచు వేలితో తడుముకుంటూ.

ఆ రాత్రి బటన్లకి బారసాల చేశాను.
బియ్యంలో ఉంగరంతో రాసినట్టు ఒక్కోదానికీ
'టోకెన్ తీసుకో', 'ఇవాళ్టి ధర', 'వెనక్కి'.
గులాబీని కడిగేసి నలుపు దిద్దాను.
బటన్లు పెద్దవి చేశాను, దూరం దూరంగా జరిపాను.
ఊగుతూ వచ్చే మిరపకాయ బొమ్మ ఒకటుండేది,
నాకు చాలా ఇష్టం,
బాజీ ఫోను దాని దగ్గరికొచ్చి తడబడేది.
తీసేశాను. కాస్త బాధగానే.

మార్చి.
ఫిరంగిపురం నుంచి ట్రాక్టర్లో వచ్చిన కోటిరత్నం
నడినెత్తి ఎండలో ఫోను తీసి
అరచెయ్యి అడ్డం పెట్టుకోకుండానే
నంబరు చదువుకుని గేటువైపు నడిచింది.
అక్షరం ఎందుకు నల్లబడిందో ఆమెకి తెలీదు.
బాజీ ఎవరో అసలే తెలీదు.

ముఠా మేస్త్రి ఏసుపాదం బొటనవేలు
గోతాలు కుట్టీ కుట్టీ కాయకాచింది.
పాత పేజీ మీద ఆ వేలు దిగితే
మూడు బటన్లు ఒక్కసారే మునిగేవి.
ఇప్పుడు నొక్కింది నొక్కినట్టు పడుతోంది.
"ఫోను మార్చాను కదా, అందుకే" అంటాడు.
మార్చలేదు. అద్దం పగిలిన అదే ఫోను.

షెడ్డు వెనక సిగ్నలు ఒక్క గీతే.
అక్కడ కూడా పేజీ తెరుచుకుంటోందని
ఎవరో అంటుంటే విన్నాను,
ఊగే మిరపకాయని తలుచుకుని ఊరుకున్నాను.

గుంటూరులో పుట్టిన మనిషికి తెలియని సంగతా,
కాయ ముట్టిన చేత్తో కన్ను నులమకూడదని?
నులిమాను.
కుళాయి దగ్గర రెండు కళ్ళూ మూసుకుని
ముక్కూ కన్నూ ఏకమై కారుతుంటే
జేబులో ఫోను, అవతల సాంబిరెడ్డి గారు:
"ఎన్నో నంబరు నడుస్తోందయ్యా? లారీ ఆగి ఉంది."

పరీక్ష కోసం పెట్టి
తీసేయడం మర్చిపోయిన గొంతు ఒకటి
ఫోన్లో ఇంకా మేలుకునే ఉంది.
వేలు జరిపాను.
"ఇవాళ్టి ధర" అంది.
జరిపాను. "నడుస్తున్న టోకెన్. నూట పదిహేడు."
నేను పెట్టిన పేర్లే,
నన్ను చెయ్యి పట్టుకుని నడిపించాయి.

ఇంకొకసారి జరిపాను, ఊరికే.
"బటన్" అంది.

ఎక్కడో మూల ఒకటి మిగిలిపోయింది.
కళ్ళు మండుతూనే నవ్వొచ్చింది.
ఆఫీసు కిటికీలోంచి బాజీ విన్నట్టున్నాడు,
"చూసుకోండి సార్," అని కేకేశాడు,
"మీ చొక్కాదేమో!"